దుప్పట్లు పంచాక ఏం చేయాలి? బెంగళూరులో నిలువ నీడ లేనివాళ్ల కోసం డబ్బు ఖర్చు పెట్టే పద్ధతి

చలికాలం వస్తే చాలు, బెంగళూరులోని తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, ఆఫీసుల్లో సీఎస్‌ఆర్ (కంపెనీలు సమాజసేవకు కేటాయించే డబ్బు) చూసుకునేవాళ్లు ఒకటే అడుగుతారు: "రెండు లక్షలు పోగయ్యాయి. దుప్పట్లు కొందామా, అన్నం ప్యాకెట్లు పంచుదామా?"

ఆ రెండూ ఆఖర్న చూద్దురుగాని. కలాసిపాళ్యం, మెజెస్టిక్, కె.ఆర్. మార్కెట్ చుట్టుపక్కల డిసెంబరు శనివారం రాత్రి ఒకే మనిషికి రెండు మూడు దుప్పట్లు అందుతాయి. పొద్దున్నే కూలికి పోవాల్సినవాడు మూడు దుప్పట్లు చంకన పెట్టుకుని తిరగలేడు. దాచుకుందామంటే చోటు లేదు. అమ్ముకుంటాడు, లేదా అక్కడే వదిలేస్తాడు, చెత్త బండి ఎత్తుకుపోతుంది. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. పైగా ఈ ఊళ్లో చలికన్నా వాన ఎక్కువ బాధపెడుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో అర్ధరాత్రి వాన పడితే ఫుట్‌పాత్ మీదివాళ్లు తెల్లారేదాకా షట్టర్ల కింద నిలబడాల్సిందే. తడిసిన దుప్పటి బరువు తప్ప ఇంకేం కాదు.

కింది పద్ధతి రెండు లక్షలున్న సంఘానికీ, యాభై లక్షలున్న కంపెనీకీ పనికొస్తుంది. కార్పొరేషన్‌లో ఈ పని చూసే అధికారులకూ పనికొస్తుంది.

ముందుగా కావాల్సినవి

- కనీసం ఆరుగురు మనుషులు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. తెలుగు, కన్నడ, హిందీ, తమిళం జట్టులో ఎవరో ఒకరికి రావాలి.
- ఒక ప్రాంతం. ఊరంతా కాదు, మూడు నాలుగు చదరపు కిలోమీటర్లు చాలు.
- రెండేళ్లకు సరిపడా డబ్బు, లేదా అంత వస్తుందన్న గట్టి మాట. ఆరు నెలలకే ఉంటే షెల్టరు జోలికి పోకండి, నేరుగా ఐదో మెట్టుకు వెళ్లండి.
- ఇప్పటికే ఈ పని చేస్తున్న ఒక సంస్థ. కొత్త ట్రస్టు పెట్టడానికి ఆరాటపడొద్దు.
- మీ స్థలం ఏ కార్పొరేషన్ కిందకు వస్తుందో తెలియాలి. 2025 సెప్టెంబరు నుంచి పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు ఉన్నాయి. పాత చిరునామాకు రాసిన ఉత్తరం బల్లల మధ్యే తిరుగుతుంది.

1. ఎవరి కోసమో తేల్చుకోండి

"ఇల్లు లేనివాళ్లు" అని ఒక్క ముద్ద కట్టేస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. ఈ ఊళ్లో మనకు ముఖ్యంగా నాలుగు రకాల వాళ్లు కనిపిస్తారు.

ఒకటి, ఏళ్ల తరబడి ఫుట్‌పాత్ మీదే ఉంటున్న ఒంటరివాళ్లు. మార్కెట్లో మూటలు మోసేవాళ్లు, పెళ్లిళ్లలో వడ్డనకు పోయేవాళ్లు, పాత సామాన్లు ఏరుకునేవాళ్లు. వీళ్లకు కావాల్సింది పని దగ్గర్లోనే పడక, స్నానం, తాళం వేసుకునే పెట్టె.

రెండు, అనంతపురం, కర్నూలు, పాలమూరు, రాయచూరు వైపు నుంచి కుటుంబాలతో వచ్చి ఖాళీ స్థలాల్లో టార్పాలిన్ గుడిసెలు వేసుకున్న కూలీలు. వీళ్లు షెల్టరుకు రారు. భార్యాభర్తల్ని విడదీసి పడుకోబెడితే ఎందుకొస్తారు? నీళ్లు, మరుగుదొడ్డి, పిల్లల్ని చూసుకునే చోటు వీళ్ల అవసరాలు. సైటులో పనిచేసే కూలీలకు యజమానే ఉచితంగా తాత్కాలిక వసతి కల్పించాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే, 34వ సెక్షన్‌లో ఉండేది. బిల్డరు చేయాల్సిన పనికి మీ చందా డబ్బు పోయొద్దు, ముందు బిల్డరును అడగండి.

మూడు, ఆసుపత్రుల బయట పడుకునేవాళ్లు. కిద్వాయి, నిమ్హాన్స్, జయదేవ, విక్టోరియా గేట్ల దగ్గర రాత్రి పూట నిలబడితే సీమ యాస బాగా వినిపిస్తుంది. క్యాన్సరుకు రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు పడుతుంది. రోగిని చేర్చుకోరు, రోజూ రమ్మంటారు. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది, ఇక్కడ లేదు. నెలన్నర పడక, వంట చేసుకునే చోటు ఉంటే వీళ్ల సమస్య తీరిపోతుంది.

నాలుగు, ఇంకా గదిలోనే ఉండి రెండు నెలల అద్దె బాకీ పడినవాళ్లు. వీళ్లు ఎవరి లెక్కలోనూ ఉండరు. తక్కువ డబ్బుతో ఎక్కువ మందిని కాపాడగలిగేది మాత్రం ఇక్కడే.

2. రాత్రి లెక్క తీయండి

2011 జనగణనలో ఇళ్లు లేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు, దేశం మొత్తం మీద దాదాపు 17.7 లక్షలు తేలారు. అంత పాత అంకెతో మీ వీధిలో ఎన్ని పడకలు కావాలో తేలదు. మీరే లెక్కపెట్టాలి.

రాత్రి 11 నుంచి 2 దాకా, ముగ్గురేసి రెండు జట్లు. ఒక్కో జట్టులో ఒక ఆడమనిషి తప్పనిసరి. పోలీస్ స్టేషన్‌కు ముందురోజే రాతపూర్వకంగా చెప్పి, ముద్ర వేసిన నకలు జేబులో పెట్టుకోండి. కాగితం మీద ఇవి చాలు: స్థలం, సమయం, ఒంటరా కుటుంబమా, ఆడ, మగ, పిల్లలు ఎందరు, పైన కప్పు ఏమైనా ఉందా. పేర్లు, ఆధార్ నంబర్లు వద్దు. నిద్ర లేపొద్దు. ఫోటోలు అసలే వద్దు.

రెండు రాత్రులు చేయండి, ఒకటి మామూలు పనిరోజు, ఒకటి వాన పడ్డ రోజు. వాన రోజు ఎవరు ఎక్కడికి చేరుతున్నారో చూస్తే షెల్టరు ఎక్కడుండాలో అదే చెబుతుంది. సంక్రాంతి, ఉగాది ముందు వెనక వారాల్లో పెట్టుకోకండి, సగం మంది ఊళ్లకు పోయి ఉంటారు. మర్నాడు ఉదయం ఆరింటికి దగ్గర్లోని కూలీల అడ్డా మీదకు వెళ్లి, "రాత్రి ఎక్కడ పడుకున్నావన్నా?" అని పది మందిని అడగండి. రాత్రి మీ కంట పడని చోట్లు నాలుగైనా బయటపడతాయి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఆడవాళ్లను తక్కువ లెక్కపెట్టడం. ఒంటరి ఆడవాళ్లు భయానికి రాత్రంతా బస్టాండులోనో, ఆసుపత్రి వరండాలోనో కూర్చుని పగలు పడుకుంటారు. అందుకే పగలు రెండు మూడు గంటల మధ్య పార్కులు, గుడి మండపాలు ఒకసారి చుట్టి రండి.

సరిచూసుకునే పద్ధతి: పది వీధుల్లో ఒకదాన్ని రెండో జట్టు మళ్లీ లెక్కపెట్టాలి. రెండు లెక్కల మధ్య పదింట రెండు కంటే ఎక్కువ తేడా వస్తే ఆ ప్రాంతం మొత్తం మళ్లీ చేయండి. రెండు రాత్రుల అంకెలకు సగటు తీయకండి. ఒక్కో చోటుకి ఎక్కువ వచ్చిన అంకెను పడకల ప్రణాళికకు వాడండి.

3. ఉన్న షెల్టరు ఎందుకు ఖాళీగా ఉందో చూడండి

కన్నడంలో బోర్డు "రాత్రి తంగుదాణ" అని ఉంటుంది. చెప్పకుండా రాత్రి తొమ్మిదింటికి వెళ్లండి. సగం మంచాలు ఖాళీగా, రెండు వీధుల అవతల ఫుట్‌పాత్ నిండుగా కనిపించడం మామూలే. కారణాలు దాదాపు ఎప్పుడూ ఇవే: తొమ్మిదిన్నరకే గేటు మూస్తారు, హోటల్లో పనిచేసేవాడు పదకొండుకు గానీ దిగడు, ఆధార్ అడుగుతారు, సామాను పెట్టుకునే చోటు లేదు, నల్లులు, కుటుంబాల్ని రానివ్వరు, మందు వాసన వస్తే గెంటేస్తారు.

వీటిలో చాలావాటికి తక్కువ ఖర్చుతో మందుంది. యాభై లాకర్లు, రాత్రి ఒంటిగంట దాకా గేటు దగ్గర ఉండే మనిషి, ఇనుప మంచాలు. కొత్త భవనం కట్టేకన్నా ఈ మరమ్మతుకు డబ్బు పెట్టడమే మేలు. శిలాఫలకం మీద పేరు రాదన్న ఒక్క లోటు తప్ప.

ఒక జాగ్రత్త. మాగడి రోడ్డులో ఉన్న నిరాశ్రితుల పరిహార కేంద్రం, జనం బెగ్గర్స్ కాలనీ అనేది, షెల్టరు లాంటిది కాదు. అది 1975 నాటి కర్ణాటక భిక్షాటన నిషేధ చట్టం కింద పట్టుకొచ్చినవాళ్లను ఉంచే చోటు. మీ ఆస్తి పన్నుతో పాటు కట్టే 3 శాతం సెస్సు దానికోసమే. ఫుట్‌పాత్ మీద ఉన్న మనిషికి మీరు ఆ పేరు ఎత్తితే చాలు, మళ్లీ మీకు కనిపించడు.

4. షెల్టరే నడపాలనుకుంటే

కేంద్ర పట్టణ జీవనోపాధి పథకం కింద వచ్చిన షెల్టరు మార్గదర్శకాలు లక్ష జనాభాకు కనీసం వంద మందికి చోటుండాలనీ, ఒక్కో షెల్టరు 50 నుంచి 100 మందికి సరిపోవాలనీ, మనిషికి దాదాపు 50 చదరపు అడుగులు ఇవ్వాలనీ చెప్పాయి. యాభై మందికి లెక్క వేస్తే:

- చోటు: 2,500 చదరపు అడుగులు. పడుకునే చోట్ల నుంచి నడిచి వచ్చే దూరంలో ఉండాలి. ఊరి చివర ఉచితంగా దొరికిందని పట్టుకుపోతే ఎవరూ రారు.
- మరుగుదొడ్లు:  మీరు పదిమందికి ఒకటి కట్టండి. ఐదు నుంచి ఆరున్నర మధ్యే అందరూ కావాలంటారు, ఏడింటికల్లా అడ్డా మీద లేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే.
- నీళ్లు: మనిషికి 100 లీటర్ల చొప్పున రోజుకు 5,000 లీటర్లు. 10,000 లీటర్ల సంపు ఉంటే రెండు రోజులు ఆగుతుంది. 2024 వేసవి నీటి ఎద్దడి చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.
- లాకర్లు 50, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు. తాళం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి, మారు తాళంచెవి ఆఫీసులో ఉండకూడదు.
- ఫోన్ చార్జింగ్ ప్లగ్గులు 25. లేకపోతే ఫ్యాను స్విచ్చులోంచి వైర్లు లాగుతారు.
- రెక్సిన్ తొడుగున్న పరుపులు 50. దుప్పట్లు మాత్రం 75, ఉతుక్కి పోయినవి ఆరేదాకా మారు ఉండాలి. ఇదిగో, దుప్పట్లు కొనాల్సింది ఇక్కడ.
- మంటలార్పే సిలిండర్లు, ప్రథమ చికిత్స పెట్టె, రెండో ద్వారం.

చెక్క మంచాలు చవకని కొనకండి. చెక్క సందుల్లో నల్లులు చేరితే ఎన్ని మందులు కొట్టినా పోవు, మూడు నెలల్లో షెల్టరు పేరు చెడుతుంది.

వంటగది పెట్టేముందు దగ్గర్లో ఇందిరా క్యాంటీన్ ఉందేమో చూడండి. 2017 ఆగస్టులో మొదలైనప్పుడు టిఫిను 5 రూపాయలు, భోజనం 10 రూపాయలు. నడక దూరంలో ఉంటే మీకు వంటమనిషి ఖర్చు మిగిలినట్టే. మీరు పెట్టాల్సింది గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, అంతే.

ఇక జీతాలు. చాలా బడ్జెట్లు ఇక్కడే తప్పుతాయి. వారానికి 168 గంటలు. ఒక మనిషి 48 గంటలు పనిచేస్తాడు. గేటు దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండాలంటే మూడున్నర మంది, అంటే నలుగురు. ముగ్గురితో షిఫ్టులు వేస్తే వారపు సెలవు రోజున ఒకడు పదహారు గంటలు చేస్తాడు, లేదా గేటుకు తాళం పడుతుంది. ఆ తాళం పడిన రాత్రే వాన వస్తుంది. ఖర్చులో సగానికి పైగా జీతాలకే పోతే కంగారుపడకండి. సీఎస్‌ఆర్ నిబంధనల్లో ఉన్న 5 శాతం పరిమితి కంపెనీ సొంత పరిపాలన ఖర్చుకు సంబంధించింది. షెల్టరు కాపలాదారు జీతం నేరుగా ప్రాజెక్టు ఖర్చు. దీన్ని దాంట్లో కలిపేసి, జీతాలకు కోత పెట్టి, మంచాలకు మాత్రం డబ్బిచ్చే కంపెనీలు ఎన్నో.

5. అడ్వాన్సు నిధి పెట్టండి

తక్కువ డబ్బున్న సంఘాలకు మేం చెప్పేది ఇదే. రోజూ పని దొరికేవాడు కూడా ఈ ఊళ్లో రోడ్డున పడుతున్నాడంటే కారణం నెల అద్దె కాదు, అడ్వాన్సు. 2021 నాటి నమూనా అద్దె చట్టం రెండు నెలల అద్దెకు మించొద్దంటుంది. వఠారంలో రేకుల గదికి కూడా ఓనర్లు ఐదు నెలలదీ, ఒక్కోచోట పది నెలలదీ అడుగుతారు.

లెక్క ఇలా వేసుకోండి. అద్దె 6,000, అడ్వాన్సు 30,000 అనుకుందాం. కుటుంబం ఒక నెలది, 6,000 తెచ్చుకుంటుంది. మిగతా 24,000 నిధి ఇస్తుంది. ఆరు లక్షలుంటే 25 కుటుంబాలు. నెలకు వెయ్యి చొప్పున తిరిగి కడితే నెలకు 25,000 వస్తుంది, అంటే నెలకో కొత్త కుటుంబం. ఐదు కుటుంబాలు కట్టలేకపోయినా 20,000 వస్తుంది, ఆరు నెలలకు ఐదు కుటుంబాలు. నిధి మునిగిపోదు.

చేయాల్సిన క్రమం:

(అ) గది మీరు స్వయంగా చూడండి. నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయో ఓనరును కాదు, పక్కింటావిడను అడగండి.

(ఆ) పదకొండు నెలల అగ్రిమెంటు స్టాంపు పేపరు మీద రాయించండి. అందులో మూడు సంగతులు ఉండాలి: అడ్వాన్సులో ఎంత నిధిది, ఎంత కుటుంబానిది, ఖాళీ చేస్తే నిధి వాటా నిధి ఖాతాకే తిరిగి రావాలి, పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారు. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె కోసుకోవడం ఇక్కడి ఆనవాయితీ, ముందే రాసుకోకపోతే రెండు నెలలది కోస్తారు.

(ఇ) డబ్బు ఓనరు బ్యాంకు ఖాతాకే వేయండి. మేస్త్రీ చేతికి ఇవ్వొద్దు, ఎంత నమ్మకస్తుడైనా సరే. మేస్త్రీ ద్వారా పోయిన అడ్వాన్సు కూలీ నెత్తిన అప్పుగా కూర్చుంటుంది, ఆ అప్పు తీరేదాకా వాడు ఆ మేస్త్రీని వదిలి పోలేడు.

(ఈ) మొదటి మూడు నెలలు నెలకోసారి ఇంటికి వెళ్లండి. వాయిదా అడగడానికి కాదు, కరెంటు బిల్లు, పిల్లల బడి, పని ఎలా ఉన్నాయో చూడటానికి. వాయిదా ఎగ్గొట్టేముందు కరెంటు బిల్లు ఆగుతుంది.

అద్దె లేదు, లీజు మాత్రమే, అంటే భోగ్యం, అని లక్షల్లో ఒక్కసారే అడిగే గదుల జోలికి నిధిని పంపకండి. అదే ఇంటిని ఇద్దరు ముగ్గురికి లీజుకు ఇచ్చి మాయమయ్యే వాళ్లున్నారు.

అద్దె బాకీ పడినవాళ్లకు వేరే పద్ధతి. ఒకటి లేదా రెండు నెలల బాకీ మాత్రమే, నేరుగా ఓనరుకు, ఏడాదికి ఒక్కసారి. ఆసుపత్రి ఖర్చు, ప్రమాదం, పని ఆగిపోవడం లాంటి కారణం కనిపించాలి. ప్రతి నెలా సంపాదనకన్నా అద్దే ఎక్కువైతే బాకీ తీర్చి లాభం లేదు, చిన్న గదికి మారడానికి ఆ డబ్బు వాడండి.

6. కాగితాలు సరిచేయించండి

ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాల్సిన పని. ప్లాస్టిక్ కవరు మడతల్లో తడిసి అంటుకుపోయిన జిరాక్సులు మీ ముందు పెడతారు. ముందు వాటిని ఆరబెట్టి ఫోన్లో ఫోటో తీసి వాళ్లకే పంపండి.

ఆంధ్ర, తెలంగాణ రేషన్ కార్డుతో బెంగళూరు చౌక దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు, వేలిముద్ర చాలు. అయితే జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డే చెల్లుతుంది, రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డు సరిహద్దు దాటదు. ఏ రకమో ముందే చూడండి, లేకపోతే డీలరు వెనక్కి పంపితే మళ్లీ అటు వెళ్లరు. నెలాఖరు దాకా ఆగకుండా మొదటి పది రోజుల్లో వెళ్లమనండి.

ఆధార్ చిరునామాను బెంగళూరుకు మార్చేయమని తొందరపెట్టకండి. ఊళ్లో పింఛను, పిల్లల పథకాలు ఆ చిరునామాను బట్టి నడుస్తుంటే చిక్కొస్తుంది. వాళ్ల ఊరి సచివాలయంలో అడిగాకే కదలండి.

7. మీ చేతుల్లో లేనివి ఎవరికి అప్పగించాలి

మతి చెదిరి తిరుగుతున్న మనిషి కనిపిస్తే షెల్టరుకు తోలుకురావడం మీ పని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. 112కు చెప్పండి, ఫోన్ చేసిన సమయం రాసి పెట్టుకోండి. సలహాకు టెలి మానస్ 14416. ఒంటరి పిల్లలకు 1098, వృద్ధులకు 14567.

డబ్బు దగ్గర జాగ్రత్తలు

కంపెనీ సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థకు సీఎస్‌ఆర్-1 నమోదు ఉండాలి. విరాళానికి ఆదాయపు పన్నులో మినహాయింపు (80జి) ఆశించేవాళ్లు నగదుగా 2,000 దాటి ఇవ్వొద్దు. బియ్యం, దుప్పట్లలా వస్తు రూపంలో ఇచ్చినదానికి మినహాయింపు రాదు. అమెరికా నుంచి డబ్బు పంపే బంధువుల్లో భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి ఇవ్వొచ్చు. పౌరసత్వం మారినవాళ్లది, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి) లేని సంస్థ అది తీసుకుంటే చిక్కుల్లో పడుతుంది. తెలుగు సంఘాలు తెలియక చేసే తప్పుల్లో ఇది మొదటిది.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడం

సంస్థ పంపే నివేదికలో "ఇంతమందికి సేవ చేశాం" అన్న అంకెను పక్కన పెట్టండి. వంద రాత్రులు పడుకున్న ఒకే మనిషిని కూడా వందగా రాస్తారు. బదులుగా ఇవి అడగండి:

- నెలలో ఏవో రెండు రోజులు, రాత్రి రెండు గంటలకు, ఎన్ని మంచాల మీద మనుషులున్నారు?
- కాపలాదారులకు జీతం ఏ తేదీన పడింది? పదో తేదీ దాటుతోందంటే మూడు నెలల్లో మానేస్తారు.
- అడ్వాన్సు నిధి కుటుంబాల్లో 90 రోజులకు, 180 రోజులకు ఎందరు అదే కప్పు కింద ఉన్నారు? ఫోన్లో కాదు, ఇంటికి వెళ్లి చూసి రాయాలి.
- మీరు లెక్క తీసిన వీధుల్లో ఆరు నెలల తర్వాత మళ్లీ లెక్క ఎంత? తగ్గితే సంబరపడేముందు పోలీసులు ఖాళీ చేయించారేమో పక్క వీధిలో చూడండి.

షెల్టరుకు ఒకసారి పగలు కూడా వెళ్లండి, మధ్యాహ్నం పన్నెండుకు, అందరూ పనిలో ఉన్నప్పుడు. మంచాల లెక్క వద్దు, లాకర్లు చూడండి. యాభైలో నలభైకి సొంత తాళాలు వేలాడుతుంటే వాళ్లు రాత్రికి మళ్లీ వస్తారు. తలుపులు తెరుచుకుని ఖాళీగా ఉంటే, రిజిస్టర్‌లో ఎన్ని సంతకాలున్నా సరే, ఆ రాత్రి మీరే మళ్లీ ఫుట్‌పాత్ మీదకు వెళ్లి అడగాలి.